తొమ్మిదిళ్ళ బొంత

వేదవతమ్మగారిని ప్రశ్న అడిగితే జవాబు కంటే ముందు పని దొరికేది. మాయ అంటే ఏమిటని అడిగిన పాపానికి ఒక రిటైర్డు తాసిల్దారు మూడు గంటలసేపు చింతపండులో గింజలు తీశాడు. కర్మ గురించి అడిగిన కొత్త దంపతులు ఆశ్రమం వెనక కందిచేనులో కలుపు తీసి, సాయంత్రానికి తాము ఏమడిగామో మరచిపోయి, కడుపునిండా భోంచేసి నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. అందుకని తెలిసినవాళ్ళు ఆవిడ దగ్గర ఊరికే నోరు విప్పేవారు కాదు. తెలిసీ అడిగారంటే వ్యవహారం పీకల మీదకు వచ్చిందన్నమాట.

హైమావతికి అలాగే వచ్చింది. పాతికేళ్ళు తపాలా ఆఫీసులో పనిచేసి, ఆ ఉద్యోగం చాలించుకుని ఆశ్రమానికి వచ్చిన మనిషి ఆమె. వచ్చి తొమ్మిదేళ్ళయింది. పొద్దున లేచి వాకిలి ఊడ్చడం నుంచి సాయంత్రం పారాయణ దాకా ఏ పనికీ వెనకాడింది లేదు. కాని ఈమధ్యనే ఆవిడ నెత్తిన అనుకోని బరువు పడింది. కొండ కింద కోనపల్లె అని ఒక ఊరుంది. అక్కడ ప్రతి గురువారం నాలుగు మంచి మాటలు చెప్పే పెద్దాయన ఏడాది కిందట కాలం చేశాడు. టమాటా తోటల్లో పనిచేసి వచ్చే ఆ ఊరి జనం గురువారాలు మాత్రం మానలేదు. రేకుల షెడ్డులో దీపం పెట్టుకుని, చెప్పేవాళ్ళు లేక, కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచిపోతున్నారు. ఎవరినైనా పంపమని రెండుసార్లు వచ్చి అడిగారు. వేదవతమ్మగారు ఆలోచించకుండా హైమావతి పేరు చెప్పారు.

ఆ రోజు నుంచి హైమావతికి కంటిమీద కునుకు లేదు. పదకొండు రాత్రులు దూలాలు లెక్కపెట్టింది. చివరికి, నా వల్ల కాదు, మన్నించండని కోనపల్లె పెద్దలకు ఉత్తరం రాసి, కవరు అంటించి, సంచిలో పెట్టుకుంది. పాతికేళ్ళు ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలకు ముద్రలు వేసిన చెయ్యి, తన ఉత్తరాన్ని మాత్రం డబ్బాలో వెయ్యలేకపోయింది. గురువుగారి చెవిన వెయ్యకుండా పంపడం తప్పనిపించి, బియ్యంలో రాళ్ళు ఏరుతున్న వేదవతమ్మగారి ముందు కూర్చుంది.

"అమ్మా, నేను చెప్పగలిగినవన్నీ ఎవరో చెప్పినవే. సగం మీవి, పావు మా అమ్మవి, మిగతావి పుస్తకాల్లోవి. నాదంటూ ఒక్క మాటా లేనిదాన్ని వాళ్ళ ముందు ఏ మొహంతో కూర్చోను?"

వేదవతమ్మగారు చేటను ఆమె వైపు జరిపారు. రేపు పట్నంలో బొంతల ప్రదర్శన ఉందనీ, అన్నిటిలోకీ మంచిదేదో చూసి చెప్పమని మహిళా సంఘంవాళ్ళు తనను పిలిచారనీ, తనకు చూపు సరిగ్గా ఆనడం లేదు కాబట్టి ఆ పని హైమావతి చెయ్యాలనీ చెప్పారు. చింతపండు తప్పినందుకు సంతోషించాలో, జవాబు రానందుకు ఏడవాలో హైమావతికి తెలియలేదు. పోనీలే, పట్నంలో తపాలా డబ్బా ఉంటుంది కదా అనుకుంది.

పుష్యమాసపు చలి పొద్దెక్కినా వదలలేదు. కల్యాణమండపం నిండా ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్ళు కట్టి బొంతలు వేలాడదీశారు. లోపల అడుగుపెట్టగానే హైమావతి తన బాధ సంగతే మరిచిపోయింది. చెప్పొద్దూ, బొంతల్లో ఇంత వైభవం ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. నీలం, తెలుపు బడి బట్టలతో గళ్ళుగళ్ళుగా కుట్టినది ఒకటి. లారీ డ్రైవరు భార్య ఆయన పాత లుంగీలన్నీ కలిపి కుట్టినది ఒకటి. నేతగాళ్ళ ఇంటి నుంచి వచ్చినదానికి నాలుగు పక్కలా పట్టు అంచు ముక్కలే. తండావాళ్ళ బొంత మీద అద్దాలు, గవ్వలు. ఒకావిడ గోనె సంచి మీద భర్త పంచెలు పరిచి కుట్టి, మధ్యలో ఆయన చొక్కా జేబును అలాగే ఉంచేసింది. అందులో చెయ్యి పెట్టి చూడని మనిషి లేడు. హైమావతీ పెట్టింది. అందులో ఒక వక్క ఉంది.

తిరిగి తిరిగి ఆమె శశికళ బొంత దగ్గర ఆగింది. శశికళ పట్నంలోనే టైలరింగ్ షాపు నడుపుతున్న అమ్మాయి. కొత్త గుడ్డ కొని, తనే రంగులు ఎంచి, ఎక్కడా చూసి గీయని చిలకల బారును సొంతంగా ఊహించి, ఏడు నెలలు చేత్తో కుట్టింది. ఇందులో పరాయి పోగు ఒక్కటి కూడా లేదు అక్కా అని ఆ పిల్ల గర్వంగా చెప్పినప్పుడు హైమావతికి గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ఉంటే ఇలా ఉండాలి అనుకుంది. తనతోపాటు వచ్చి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న గురువుగారి దగ్గరకు వెళ్ళి ఇదే మంచి బొంత అని చెప్పింది.

వేదవతమ్మగారు సరేనని, ఇంకా ఏమైనా మిగిలాయేమో చూడమన్నారు. మిగిలింది ఒకటే. తాడు చాలక దాన్ని మూల బల్ల మీద మడిచి పెట్టారు. పక్కన గంగులమ్మ అనే ముసలావిడ కాళ్ళు చాపుకుని కూర్చుంది. అది మునిమనవరాలి కోసం, పెద్దయినా పనికొచ్చేలా నిడివిగా కుట్టిన బొంత. వాళ్ళ వైపు ఒక ఆనవాయితీ ఉంది. పుట్టిన బిడ్డకు బొంత కుట్టేటప్పుడు సొంత ఇంటి గుడ్డ వాడకూడదు. తొమ్మిది ఇళ్ళకు వెళ్ళి, కట్టి కట్టి మెత్తబడ్డ గుడ్డ అడిగి తెచ్చుకోవాలి. ఎంత ఉన్నవాళ్ళయినా సరే, కొంగు పట్టి అడగవలసిందే. అలా వెలిసిన తొమ్మిది రంగులు ఆ బొంతలో ఉన్నాయి. హైమావతి దాన్ని విప్పి చూసి, బాగుందమ్మా అని మర్యాదకు అంది. ఆ మర్యాద గంగులమ్మ చెవికి ఇట్టే తెలిసిపోయింది.

"బొంతను చూసి చెప్తే ఎట్లమ్మా? పండుకోని చెప్పల్ల" అంది.

ఈ మాట వేదవతమ్మగారి చెవిన పడింది. ఇంకేముంది, పక్క గదిలో చాప వేయించారు. యాభై దాటిన హైమావతిని పట్టపగలు, నలుగురి మధ్య, పడుకోమన్నారు. సంఘంవాళ్ళు నీళ్ళు నమిలారు. హైమావతి సిగ్గుతో చచ్చిపోయింది. కాని వేదవతమ్మగారి మాటకు ఎదురు చెప్పి గెలిచినవాళ్ళు ఆ తాలూకాలో లేరు. శశికళ మాత్రం ఉత్సాహంగా తన బొంతను తనే తాడు మీద నుంచి దించి పరిచింది.

హైమావతి పడుకుంది. కొత్త గుడ్డ గంజి ఇంకా వదల్లేదు. చిలకల ముక్కులు సరిగ్గా పక్కటెముకల దగ్గర గుచ్చుకున్నాయి. ఇటు దొర్లింది, అటు దొర్లింది. ఆ పిల్ల మనసు నొప్పించడం ఇష్టంలేక కళ్ళు మూసుకుని నిద్ర నటించబోయింది. శశికళ చూసి నవ్వేసింది. పదేళ్ళు కప్పుకుని ఉతికితే ఇదీ మెత్తబడుతుందిలే అక్కా అని, తనే గంగులమ్మ బొంతను తెచ్చి పరిచి, సగం మడిచి ఆమె మీద కప్పింది. ఆ బొంతకు ఏదో పాత పెట్టె వాసన ఉంది. హైమావతికి మెడ దగ్గర మెత్తగా తగిలింది. సంచి తలకింద పెట్టుకుంది. ఐదు నిమిషాలు పడుకుని లేచి ఏదో ఒకటి చెబుదామనుకుంది.

కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ పచ్చబడింది. బహుమతులిచ్చేశారు. చూసినవాళ్ళంతా చెయ్యెత్తితే మొదటి బహుమతి శశికళ చిలకలకే వచ్చిందట. మండపంలో తాళ్ళు విప్పుతున్నారు. గంగులమ్మ చాప పక్కనే కూర్చుని ఉంది. బొంత కోసం చూసి చూసి ఆమె బస్సు కూడా వెళ్ళిపోయింది. హైమావతి నొచ్చుకుని గబగబా లేచి, లేపవలసిందమ్మా అంటే, బుద్ధి పుట్టలేదు అంది ముసలావిడ, అదేమంత పెద్ద విషయం కానట్టు.

పన్నెండు రోజుల తరవాత నిద్రపోయిన మనిషికి ప్రపంచం వేరుగా కనబడుతుంది. హైమావతి బొంతను ఒళ్ళో పెట్టుకుని, మొదటిసారిగా నిజంగా చూసింది. గంగులమ్మ ఒక్కొక్క రంగు మీద వేలు పెట్టి చెప్పింది. ఇది మంత్రసానిది, ఇది మేకలు కాసే ఆమెది, ఇది ఆరుగురిని కని పెంచిన దూదేకుల బీబమ్మ పైటది. మధ్యలో కావిరంగు పోయి గంధంలా మిగిలిన ముక్క ఒకటి ఉంది. ఆ నేత హైమావతికి తెలుసు. తొమ్మిదేళ్ళు ఆశ్రమంలో తను ఉతికి ఆరేసిన కావిబట్టల నేత అది. తలెత్తి గురువుగారిని చూసింది.

గుమ్మంలో నిలబడ్డ వేదవతమ్మగారు, అది నాదని చెప్పుకోవడానికి లేదన్నారు. తన గురువుగారు పోతూ పోతూ ఇచ్చిన వస్త్రం అది; గంగులమ్మ ఆశ్రమానికి వచ్చి కొంగు పట్టి అడిగితే ఇచ్చారు. ఆయనకు ఎవరిచ్చారో ఆయన చెప్పలేదు, తాను అడగలేదు.

హైమావతి ఆ ముక్కను వేళ్ళతో నిమిరింది. ఆ తరవాత పన్నెండు రాత్రులుగా తనను తినేస్తున్న ప్రశ్ననే మార్చి గంగులమ్మను అడిగింది. గుడ్డలన్నీ వాళ్ళవీ వీళ్ళవీ కదా, మరి ఇందులో నీదేముందమ్మా అని.

గంగులమ్మకు ఇలాంటి ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. బొంతను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. దారం కూడా తనది కాదని, ఆ చీరల అంచుల్లోంచే పోగులు లాగి పేనినదని చెప్పింది. కుట్టు తల్లి నేర్పింది. దబ్బనం అత్తగారిది. వెతికి వెతికి ఏమీ దొరక్క, నవ్వుతూ తల ఊపింది.

"నాదేముందమ్మా దీంట్లో. ఎవరికి చలేస్తా ఉందో, అది తెలుసు నాకు. అంతే."

బొంతను మడిచి చంకన పెట్టుకుని ఆమె తరవాతి బస్సుకు వెళ్ళిపోయింది. హైమావతికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి దుఃఖానివి కావని ఆమెకు తెలుసు.

గురుశిష్యులిద్దరూ బస్టాండు దారి పట్టారు. మలుపులో ఎర్రగా తపాలా డబ్బా కనబడింది. సంచిలో, తలకింద పడి నలిగిన కవరు ఉంది. హైమావతి నడక ఆగలేదు. డబ్బా వెనకపడిపోయింది. పది అడుగులు వేసి, ఉత్తరాన్ని తీసి నాలుగు ముక్కలు చేసి సంచి అడుగున వేసుకుంది. వేదవతమ్మగారు అటు చూడలేదు. చూపు ఆనడం లేదు కదా.

బస్సెక్కి కూర్చున్నాక హైమావతి మెల్లగా అడిగింది, "వచ్చే గురువారం వెళతానమ్మా. వెళ్ళగానే ముందు ఏం చెప్పను?"

వేదవతమ్మగారు కొంగు చెవుల మీదుగా చుట్టుకున్నారు.

"కొండ నీడ పడే ఊరు. అక్కడ మనకంటే చలి ఎక్కువమ్మా" అన్నారు.