మూడు ఊపులు

అనగనగా ఒక తుమ్మచెట్టు. అడవిలో, వాగు మీదికి వంగి ఉండేది. ఆ చెట్టు మీద గిజిగాళ్ల బడి. పిల్లలూ, అక్కడ లెక్కలూ పద్యాలూ చెప్పరు, గూడు అల్లడం ఒక్కటే నేర్పుతారు. గిజిగాడికి గూడే బతుకు. గూడు నిలిస్తే సంసారం నిలుస్తుంది, లేకపోతే ఏమీ లేదు.

ఆ బడికి ఒక ఆచారం ఉంది. అక్కడ నేర్చుకుని బాగుపడిన పాత పిట్టలు వానలకు ముందు తిరిగొచ్చి, తలా ఒక పిల్లపిట్టను చేపడతాయి. బలవంతమేమీ లేదు, ఇష్టమున్నవాళ్లే రావచ్చు. పని కూడా చిన్నదే. పిల్లపిట్ట కట్టిన గూటికి తలకిందులుగా వేలాడి, మూడుసార్లు గట్టిగా ఊపాలి. ముడి ఊడేదైతే ఆ రోజే ఊడాలి. వానలో ఊడకూడదు.

ఆ ఏడు పోలన్న అనే గిజిగాడు అందరికంటే ముందు రెక్క ఎత్తాడు. పోలన్న అంటే మాటలా! అడవి మొత్తానికి పేరుమోసిన పనివాడు.

"నన్నింతవాణ్ని చేసిన బడి ఇది. నేను రాకపోతే ఇంకెవరొస్తారు?" అన్నాడు.

పంతులు పిట్ట మురిసిపోయి, ఈరిగాడు అనే పిల్లపిట్టను అతనికి అప్పగించాడు. ఆ సంతోషంలో ఈరిగాడికి ఆ పూట గింజ కూడా దిగలేదు.

మొదటిరోజు పోలన్న వచ్చాడు. కొమ్మెక్కి పొద్దు వాలేదాకా మాట్లాడాడు. తన గూడు గాలివానను ఎలా తట్టుకుందో చెప్పాడు. కోతిమూక వచ్చి నోళ్లు వెళ్లబెట్టిన సంగతీ చెప్పాడు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. చిన్నప్పుడు తన మొదటి గూడు రెండో ఊపుకే ఊడి వాగులో పడింది. ఊపిన పెద్దపిట్ట పక్కనే కూర్చుని, ముడి బిగువు నిలవని ఎండుగడ్డి తీయించి, పచ్చిగడ్డితో మళ్లీ ముడి వేయించింది. అది చెప్పుకోవడం పోలన్నకు నామోషీ.

కొన్నాళ్లకు ఈరిగాడు ఉడుత చేత కబురు పంపాడు. "అన్నా, నా ముడి వదులుగా ఉందేమోనని భయంగా ఉంది. ఒక్కసారి వస్తారా?"

ఆ రోజు పోలన్నకు నెమలి ఇంట్లో విందు. "బాగానే ఉంటుందిలే, దిగులు పడొద్దని చెప్పు," అని ఉడుతను పంపేశాడు.

చివరికి ఒకరోజు, మబ్బులు కమ్ముతుండగా హడావిడిగా వచ్చాడు. కింది కొమ్మ మీద నిలబడి తల ఎత్తి చూశాడు. ముడి పసుపుపచ్చగా కనిపించింది. ఎండుగడ్డి! పోలన్న ఒక్క క్షణం జంకాడు. ఇప్పుడు చెబితే అంతా విప్పించాలి, రెండు రోజులు ఇక్కడే కూర్చోవాలి.

"అన్నా, ఒకసారి వేలాడి చూడరూ?" అని బతిమాలాడు ఈరిగాడు.

"నా కళ్లు చాలవట్రా? భేషుగ్గా ఉంది," అని పోలన్న ఎగిరిపోయాడు.

పెద్దవాడు భేష్ అన్నాక ఇంకేం కావాలి? ఈరిగాడి భయం తీరిపోయింది. ఆడపిట్ట వచ్చింది. గూట్లో రెండు గుడ్లు పెట్టింది. ఈరిగాడు రోజుకు పదిసార్లు వాటిని చూసుకునేవాడు.

వాన వచ్చింది. మొదటి గాలికే ముడి ఊడింది.

పోలన్న వచ్చేసరికి గూడు వాగులో కొట్టుకుపోయింది, గుడ్లతో సహా. ఆడపిట్ట ఏడ్చి ఏడ్చి ఎటో వెళ్లిపోయింది. ఈరిగాడు ఖాళీ కొమ్మ మీద తడుస్తూ కూర్చున్నాడు.

పోలన్న అతని పక్కన వాలాడు. "తప్పు నాదేరా. పద, పచ్చిగడ్డి తెద్దాం. ఈసారి నేనే వేలాడతాను."

ఈరిగాడు అతనివైపు చూడలేదు. "ఆ రోజు మీరు ఊపి ఉంటే, గూడొక్కటే పోయేది కదన్నా," అన్నాడు.

ఈరిగాడు మళ్లీ గడ్డిపోచ ముట్టలేదు. ఆ ఏడూ ముట్టలేదు, మరుసటి ఏడూ ముట్టలేదు. పోలన్న మాత్రం రోజూ వచ్చి ఆ కొమ్మకు వేలాడి, మూడుసార్లు ఊపి వెళ్లేవాడు. ఊడిపడటానికి అక్కడ ఇంకేమీ లేదు.

నీతి: దారి చూపిస్తానని ముందుకొచ్చినవాడు, కనిపించిన లోపాన్ని ఆ రోజే చెప్పాలి, ఉత్త మెప్పు నమ్మినవాడి బతుకును ముంచుతుంది.