రెండు తుఫాన్లు, ఒకే పైకప్పు

వేలాపురి రాజ్యంలో తుఫాను నిధి ఉండేది. ఏటా ఇంటికో కుంచెడు రాగులు కట్టాలి. తుఫానొచ్చిన ప్రతిసారీ మొదటి ఇరవై మోపుల తాటాకు నష్టం ఇంటివాళ్లు భరించాలి, మిగతాది నిధి ఇస్తుంది.

ఆ ఏడు వచ్చిన తుఫానుకు, ఉప్పు అమ్మే దాలమ్మ ఇంటి కప్పు మీది నలభై మోపుల ఆకూ ఎగిరిపోయింది. కోడలికేమో నెలలు నిండాయి. దాలమ్మ నిధి అధికారి భుజంగరావు దగ్గరికి పరుగెత్తింది.

"నా ఇరవై నేను తెచ్చుకుంటాను, మీ ఇరవై ఇప్పించండి దొరా!"

"గాలి ఉత్తరం నుంచి వీచి ఆగింది. మళ్లీ దక్షిణం నుంచి వీచింది. అంటే రెండు తుఫాన్లు! రెండిరవైలు నలభై, నష్టమంతా నీదే," అని మీసం దువ్వాడాయన.

"రెండే అనుకుందాం. మొదటిదే నలభై మోపులూ ఊడ్చుకుపోయింది. రెండోదానికి ఎగరేయడానికి ఆకే లేదు. జరగని నష్టంలో నా వాటా ఏముంది దొరా?"

"మొదటిదే ఊడ్చిందనడానికి సాక్షి ఎవరే?"

"తమరే! గాలి ఆగినప్పుడు మా ఇంట్లో కూర్చుని మంచినీళ్లు తాగుతూ, తలెత్తి, 'అబ్బ, ఆకాశం ఎంత బాగుందే!' అనలేదా?"

బంట్రోతులు కిసుక్కుమన్నారు. సాయంత్రానికి ఇరవై మోపులు దాలమ్మ గుమ్మంలో దిగాయి.

మూడోనాడు కొత్త కప్పు కింద మనవరాలు పుట్టి కెవ్వుమంది. వీధిలో పోతున్న భుజంగరావు మూడో తుఫానొచ్చిందనుకుని పరుగో పరుగు!