పోయిన వెండి గిన్నె

రాజుగారు తుమ్మినా సభంతా చప్పట్లు కొట్టే ఒకానొక రాజ్యంలో పృథ్వీధరుడనే రాజు ఉండేవాడు. మనసు మంచిదే. కాకపోతే తనకు తెలియనిది లోకంలో ఏదీ లేదని ఆయనకు గట్టి నమ్మకం.

ఒకనాడు అంతఃపురంలో ఒక వెండి గిన్నె పోయింది. ముందురోజు సాయంత్రమే ఓబులమ్మ అనే ముసలావిడ కోటలో తోలుబొమ్మలాట ఆడించింది. అందులో ఒక దొంగ కన్నం వేశాడు. ఇంకేం, రాజుగారి బుర్రలో రెండూ ముడిపడిపోయాయి.

"ఆ ఆట చూసే ఎవడో దొంగతనం నేర్చుకున్నాడు! ఇకపై కథల్లో దొంగతనం, హత్య, మోసం ఉండరాదు. అలాంటి కథ చెప్పినవారు పొద్దుగూకేలోగా పొలిమేర దాటాలి. ముందుగా ఆ ఓబులమ్మ!" అని శాసించాడు. సభ చప్పట్లు కొట్టింది.

ఓబులమ్మకు డెబ్భై ఏళ్ళు, చూపు ఆనదు. బొమ్మల పెట్టె తప్ప నా అన్నవాళ్ళు లేరు. విదూషకుడు పేరన్న వెళ్ళేసరికి దొంగ బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, "నీ తప్పేం లేదులేరా అయ్యా" అని నిమురుతోంది. పేరన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఈ వయసులో నన్నెవరు రానిస్తారు నాయనా?"

"మూట కట్టకు అవ్వా. ఈ పూటకు ఆగు," అన్నాడు పేరన్న.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహాప్రభూ, చిన్న చిక్కు. కథ చెప్పందే యువరాణి కుందన ముద్ద ముట్టదు. శాసనానికి జడిసి దాదులెవరూ నోరు విప్పడం లేదు. నేరం లేని కథ ఎలా ఉంటుందో తమకే తెలియాలి."

"ఇదీ ఒక పనేనా!"

రాజు మీసం దువ్వి, తల్లిలేని ఆ ఐదేళ్ళ కూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పప్పన్నం ముద్ద కలిపాడు.

"అనగనగా ఒక రాజు. చాలా మంచివాడు."

"ఊఁ."

"ప్రజలూ మంచివాళ్ళే."

"ఊఁ. అప్పుడేమయింది?"

"అందరూ అన్నం తిన్నారు."

"అప్పుడో?"

"చేతులు కడుక్కున్నారు."

కుందన మూతి బిగించింది. రాజు ఏనుగును తెచ్చాడు, అదీ మంచిదే. మామిడితోట తెచ్చాడు, పళ్ళన్నీ అందరూ సమానంగా పంచుకున్నారు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది కథ కాదు నాన్నా. నాకేమో ఆకలేస్తోంది."

రాజు గుండె కరిగిపోయింది. "ఏడవకమ్మా! అప్పుడు... అప్పుడొక దొంగ వచ్చాడు!"

టక్కున నోరు తెరుచుకుంది. ముద్ద లోపలికి వెళ్ళింది.

"ఏం ఎత్తుకుపోయాడు?"

"పాలకోవా! గోడ దూకాడు, తోటమాలి కళ్ళలో కారం కొట్టాడు..." రాజుకు హుషారొచ్చింది. పళ్ళెం ఖాళీ అయ్యేసరికి దొంగ దొరికిపోయాడు. చివరి ముద్ద దగ్గర కుందన తండ్రి చెయ్యి పట్టుకుంది.

"దొంగకు ఆకలేసిందేమో నాన్నా. ఇది వాడికి దాచిపెడదాం."

రాజు ఆ ముద్దను పక్కన పెట్టాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

అంతలో పేరన్న ఒక మూట తెచ్చి ముందు పెట్టాడు.

"ఏమిటిది?"

"తమ ప్రయాణానికి ప్రభూ. రెండు పంచెలు, కాసిని అటుకులు, కొంచెం ఆవకాయ. పొద్దుగూకేలోగా పొలిమేర దాటాలి కదా! ఓబులమ్మ అవ్వ కూడా అటే. చూపు ఆనదు, కాస్త చెయ్యి పట్టుకుని నడిపించండి."

దాదులు ఊపిరి బిగబట్టారు. రాజు మూట విప్పాడు. అటుకులు చూసి పగలబడి నవ్వాడు. కుందన అప్పటికే, "నేనూ వస్తా" అంటూ చెప్పులు వెతుక్కుంటోంది.

శాసనం రద్దయింది. రాజు తన ముత్యాలహారం పేరన్న మెడలో వేసి, తానే వెళ్ళి ఓబులమ్మను చెయ్యి పట్టుకుని కోటకు తీసుకొచ్చాడు.

ఆ సాయంత్రం మళ్ళీ ఆట మొదలైంది. దొంగ బొమ్మ తెర మీదికి రాగానే కుందన లేచి పరుగెత్తింది. తన మంచం కింద నుంచి వెండి గిన్నె తెచ్చి, అందులో దాచిన ముద్ద పెట్టి, తెర ముందు ఉంచింది.

"నిన్న నీకోసమే ఈ గిన్నె తెచ్చాను. అప్పటికే అవ్వ నిన్ను పెట్టెలో పడుకోబెట్టేసింది."

పేరన్న లేచి రాజుకు వంగి దణ్ణం పెట్టాడు.

"తమరన్నదే నిజం ప్రభూ. గిన్నె పోయింది ఆ ఆట వల్లే!"

ఈసారి చప్పట్లు మొదలుపెట్టింది రాజే.