తవిటమ్మ గంప

అనగనగా ఒక కొండ. కొండ చుట్టూ మూడు ఊళ్ళు. పైన ఎగువూరు, కింద దిగువూరు, మధ్యలో నడిమూరు. ఎప్పటి మాట అని అడగకండి. మా ముత్తవ్వకి వాళ్ళ ముత్తవ్వ చెప్పిన మాట. అప్పటికీ మనుషులు ఇలాగే ఉండేవారట. చెబితే వినేవారు కారట.

నడిమూరులో తవిటమ్మ అని ఒక మేదరామె ఉండేది. ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదని తల్లి ఈమెను పుట్టగానే చేటెడు తవుడుకి పక్కింటివాళ్ళకి ఇచ్చి, మళ్ళీ తవుడు పోసి తెచ్చుకుంది. అందుకే ఆ పేరు. తవుడుకి వచ్చిన మనిషి మాట ఎవరు వింటారు? ఎవరూ వినరు.

మొగుడు పోయాడు. పిల్లలు లేరు. మూడు ఊళ్ళ దారులు కలిసే గట్టు ఒకటుంది. ఆ గట్టు పక్కనే ఆమె గుడిసె. వెదురు చీల్చి, బద్దలు తీసి, కోడిగంపలు అల్లేది. పెరట్లో తొమ్మిది కోళ్ళుండేవి. నా అన్నవాళ్ళంటే ఆమెకి అవే. ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచేది, పేరు పెట్టి తిట్టేది.

ఆమెకో అలవాటుంది. కొత్త గంప అల్లితే తిన్నగా ఇంకొకళ్ళ చేతిలో పెట్టదు. ముందు పెరటి చివర తన కోళ్ళ మీద బోర్లించి, పది రోజులు చూసుకుంటుంది. బద్ద ఊడలేదు, కోడి తోసుకుని బయటికి రాలేదు అనుకున్నాకే గంప గుమ్మం దాటేది.

ఒక ఏడు ఎండలు ముదిరే వేళకి కొక్కెర తెగులు వచ్చింది. ముందు కోడి ముక్కు చీదుతుంది. తర్వాత నోరు తెరుచుకుని ఎగశ్వాస పీలుస్తుంది, గొంతులో గురగురమంటుంది. ఆపైన మెడ వంకరపోతుంది. ఇక అంతే. ఒక కోడికొస్తే వాకిలికొచ్చినట్టు, వాకిలికొస్తే వీధికొచ్చినట్టు.

నాలుగు రోజుల్లో తవిటమ్మ కోళ్ళు ఆరు పోయాయి. మూడు మిగిలాయి, రెండు పెట్టలు, ఒక పుంజు. అవి ఆ రోజుల్లో కొత్త గంప కింద ఉన్నవి. తవిటమ్మ చచ్చిన కోళ్ళకి గొయ్యి తీస్తూ ఏడ్చింది. గొయ్యి పూడుస్తూ ఆలోచించింది. చచ్చినవి కలిసి తిరిగాయి, ఒకే చిప్పలో నీళ్ళు తాగాయి. బతికినవి విడిగా ఉన్నాయి. ఇందులో తెలియకపోవడానికి ఏముంది?

కానీ ఊరికి ఊరి పద్ధతి ఉంది. తెగులొస్తే జబ్బు కోడిని ఒకదాన్ని పట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, గంపలో కూర్చోబెట్టి, డప్పు కొట్టుకుంటూ గట్టు దాకా తీసుకెళ్ళి అవతలి ఊరి వైపు వదిలేస్తారు. కోడి వెంట తెగులు కూడా వెళ్ళిపోతుందని నమ్మకం. తవిటమ్మ ఊరిపెద్ద చిన్నంనాయుడి దగ్గరికి పరిగెత్తింది.

"నాయుడుబాబూ, జబ్బుకోడిని గంప కింద ఉంచండి, గట్టు దాటించకండి. దాని ఊపిరి తగిల్తే దిగువూరోల్ల కోల్లు కూడా పోతాయి."

"దిగువూరోల్ల కోల్లతోటి మనకేటి పనే?" అన్నాడు నాయుడు. "తెగులు గట్టు దాటితే సాలు."

చెబితే విన్నారా? వినలేదు. డప్పు మోగింది, కోడి గట్టు దాటింది.

దిగువూరిలో ఎవరికో పసుపు రాసిన కోడి దొరికింది. ఊరి అమ్మతల్లి పంపిన కోడి అని మురిసిపోయి ఇంటికి తీసుకుపోయారు. పది రోజులకి దిగువూరి కోళ్ళు ఎగశ్వాస తీశాయి. వాళ్ళూ తక్కువ తిన్నవాళ్ళు కారు. ఒక కోడికి పసుపు రాసి, డప్పు కొట్టి, ఎగువూరి వైపు వదిలారు. ఎగువూరి వాళ్ళు నడిమూరు వైపు వదిలారు. తెగులు కొండ చుట్టూ ప్రదక్షిణం చేసి, ఆరు నెలలు తిరక్కుండా బయల్దేరిన చోటికే వచ్చింది.

తవిటమ్మ పొరుగింట్లో అసిరమ్మ ఉండేది, తవిటమ్మని అక్క వరసన అప్పా అని పిలిచేది. మనసు వెన్న, బుర్ర మాత్రం ఎప్పుడూ ఇంట్లో ఉండదు. ఆవిడ ఒక పూట గట్టు మీద నుంచి కోడిని చంకలో పెట్టుకుని వచ్చింది.

"ఊరికే దొరికినాదప్పా. పసుపు కూడా రాసి ఉన్నాది."

తవిటమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆ పసుపు ఎందుకు రాత్తారో నీకు తెల్దేటే? మొన్న మనమూ అలాగే రాసి పంపినాం గదే. జబ్బుకోడిని గంప కింద ఉంచు, నీ కోల్లలో కలపకు."

"అలాగేనప్పా," అంది అసిరమ్మ. అని, తిన్నగా తీసుకెళ్ళి తన కోళ్ళలో కలిపింది.

చెబితే విన్నదా? వినలేదు.

ఆ రెండోసారి తవిటమ్మ తన కోళ్ళన్నిటినీ గంపల కింద పెట్టింది. పిల్లలతో కలిపి అప్పటికి పదకొండయ్యాయి. పెరటి తడిక దగ్గర ఒక కుండలో బూడిద నీళ్ళు పెట్టింది. కాళ్ళూ చేతులూ కడుక్కోనిదే తను కూడా తడిక తీసేది కాదు. ఊళ్ళో అందరూ నవ్వారు. మేదరి తవిటమ్మ కోళ్ళకి ఘోషా పెట్టింది, ఇక పుంజుకి పల్లకీ ఒక్కటే తక్కువ అన్నారు. అసిరమ్మ కోళ్ళన్నీ పోయాయి. నవ్వినవాళ్ళవీ పోయాయి. తవిటమ్మ పదకొండూ నిలిచాయి. నిలిస్తే ఏమన్నారు? దాని అదృష్టం బాగుంది అన్నారు. కళ్ళ ముందు గంప ఉంటే, కనపడని అదృష్టం కనపడింది వాళ్ళకి.

మళ్ళీ డప్పు మోగింది. మళ్ళీ కోడి గట్టు దాటింది. మళ్ళీ కొండ చుట్టి వచ్చింది. మూడోసారికి మూడు ఊళ్ళలో కోడి కూసే పెరడు ఒక్క తవిటమ్మదే. మిగతా ఇళ్ళలో అక్కడక్కడ ఒకటీ అరా, అవీ ముక్కు చీదుతూ. ఈ పదకొండూ పోతే కొండ కింద కోడి జాతే లేకుండా పోతుంది. అయినా నాయుడు డప్పు కట్టించాడు.

ఆవేళ తవిటమ్మ వెళ్ళి గట్టు మీద అడ్డంగా కూర్చుంది.

"లేవే, దారి ఒగ్గు," అన్నాడు నాయుడు.

"ఒగ్గను. మీకు సెప్పి సెప్పి నా నోరు పడిపోనాది. ఒకపాలి సెప్పినాను, రెండుపాల్లు సెప్పినాను. ఇది ఎక్కడికీ పోదు బాబూ, కొండ సుట్టుకుని మల్లీ మీ వాకిట్లోకే వత్తాది. తల్లికి మొక్కుకోండి, నాను ఒద్దన్నానా? కోడిని మాత్రం నాకిచ్చీండి."

"నువ్వేటి సేత్తావు?"

"తెగులు ఊల్లోంచి పోతే సాలు గదా మీకు. గట్టు దగ్గర నానుంటాను."

ఊరు దాటింది గదా అనుకుని నాయుడు గంప ఆమె ముందు పెట్టి డప్పుతో సహా వెనక్కి తిరిగాడు.

కోడిని ఒళ్ళోకి తీసుకున్నాక తవిటమ్మకి తన పెరడు గుర్తొచ్చింది. జబ్బు కోడిని పట్టిన చేతులతో ఇంటికి పోతే తన పదకొండూ పోతాయి. పోకపోతే వాటికి మేత వేసేదెవరు? పిలిస్తే పలికే మనిషి ఊరంతటికీ అసిరమ్మ ఒక్కతే. దేవుడికి కూడా ఒక్కోసారి పరాచికాలెక్కువ.

"అసిరీ, నా కోల్లకి నూకలెయ్యి. నీ ఇంట్లో కోడి లేదు గనక నిన్నడుగుతున్నాను. తడిక తీసే ముందు బూడిద నీల్లతో కాల్లు కడుక్కో."

"అలాగేనప్పా," అంది అసిరమ్మ. ఆ మాట వినగానే తవిటమ్మ అంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

గట్టు మీద తాటాకు పందిరి వేసుకుంది. ఏ ఊరివాళ్ళు ఏ కోడిని తెచ్చి వదిలినా పట్టి ఒక్కోదాన్ని ఒక్కో గంప కింద పెట్టింది. చచ్చినదాన్ని లోతుగా పాతి పైన బూడిద పోసింది. పెరడు అక్కడికి కనిపిస్తుంది, కేక వినిపిస్తుంది. రోజుకి మూడుసార్లు అసిరమ్మ తడిక దగ్గరికి వచ్చేది. మూడుసార్లూ గట్టు మీద నుంచి కేక వచ్చేది.

"కాల్లు కడుక్కున్నావేటే?"

"అయ్యో, మరిసిపోనానప్పా."

పొద్దున మరిచిపోయేది. మధ్యాహ్నం మరిచిపోయేది. సాయంత్రం కూడా మరిచిపోయేది. తవిటమ్మ అరిచేది, తిట్టేది, నెత్తి కొట్టుకునేది. నీళ్ళు పోసుకున్న చప్పుడు వినేదాకా ఊరుకునేది కాదు.

పదిహేనో రోజున ఆమె గొంతు పోయింది. సరిగ్గా ఆ రోజే అసిరమ్మ ఎగువూరిలో చెల్లెలింట చచ్చిన కోళ్ళని పాతిపెట్టి, ఆ కాళ్ళతోనే తిన్నగా వచ్చి తడిక మీద చెయ్యి వేసింది. తవిటమ్మ లేచి అరిచింది. గాలి తప్ప మాట రాలేదు. చేతిలో ఉన్న వెదురు బద్దని గిరవాటు వేసింది. అది వెళ్ళి బూడిద నీళ్ళ కుండకి తగిలి కుండ పగిలింది. అసిరమ్మ ఉలిక్కిపడి వెనక్కి చూసింది. గట్టు మీద తవిటమ్మ రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. ఎప్పుడూ తిట్టే మనిషి ఒక్కమాట లేకుండా దండం పెడుతోంది.

అసిరమ్మకి ఏడుపొచ్చింది. ఇంటికి పోయి, తలారా స్నానం చేసి, చీర మార్చుకుని, కొత్త కుండలో బూడిద నీళ్ళు కలుపుకుని వచ్చింది. కాళ్ళు కడుక్కుని గట్టు వైపు తిరిగి, గట్టిగా చెప్పింది. "కడుక్కున్నానప్పా."

ఆ రోజు నుంచి అడగకుండానే చెప్పేది.

ఇరవై ఒక్క రోజులు గడిచాయి. గంపల కింద కోళ్ళు కొన్ని పోయాయి, కొన్ని కోలుకున్నాయి. కొత్తగా ఏ కోడీ నోరు తెరవలేదు, డప్పు మోగలేదు. ఇంకొన్నాళ్ళు ఆగి తవిటమ్మ ఇంటికొచ్చింది. పదకొండూ ఉన్నాయి. వాటిని చూసి తిట్టబోయింది గానీ ఏడుపే వచ్చింది.

ఆ కోళ్ళు పొదిగిన పిల్లలే మళ్ళీ మూడు ఊళ్ళకీ వెళ్ళాయి. ముందుగా వచ్చి నిలబడినవాడు చిన్నంనాయుడు. తవిటమ్మ ఒక చేత్తో కోడిపిల్లల్నీ ఒక చేత్తో గంపనీ ఇచ్చింది. ఇంటికి ఏ కొత్త కోడి వచ్చినా ఇరవై ఒక్క రోజులు ఆ గంప కింద, మిగతావాటికి ఎడంగా ఉండాలి. అదే షరతు.

"ఇప్పుడు ఇనబడినాదా బాబూ?" అంది బొంగురు గొంతుతో. ఆ గొంతు మరి బాగుపడలేదు.

"ఇనబడినాదే తల్లీ," అన్నాడు నాయుడు. నిజంగానే విన్నాడు.

చాలా ఏళ్ళకి తవిటమ్మ మంచాన పడింది. పక్కన అసిరమ్మే కూర్చుంది.

"కోల్లకి మేతేసినావా?"

"ఏసినానప్పా."

"కాల్లు కడుక్కున్నావేటే?"

"కడుక్కున్నానప్పా."

"ఏమో, నాను నమ్మను," అంది తవిటమ్మ. అని కళ్ళు మూసింది.

అసిరమ్మ తనున్నన్నాళ్ళూ పెరట్లోకి వెళ్ళే ముందు కాళ్ళు కడుక్కుని గట్టు వైపు తిరిగి ఆ మాట చెప్పేది. ఆమెని చూసి కోడళ్ళు, కోడళ్ళని చూసి మనవరాళ్ళు చెప్పారు. ఇప్పటికీ ఆ మూడు ఊళ్ళలో సంతలో కొన్న కోడిని ముందు తవిటమ్మ గంప కిందే పెడతారు. ఎవరైనా దగ్గుతూ తుమ్ముతూ పదిమందిలోకి వస్తే, పోయి తవిటమ్మ గంప కింద కూర్చోమంటారు. ఇక కోళ్ళ దగ్గరికి వెళ్ళేవాళ్ళు ముసలైనా పడుచైనా కాళ్ళ మీద నీళ్ళు పోసుకుని, ఎవరూ అడక్కపోయినా, గట్టు వైపు తిరిగి "కడుక్కున్నానప్పా" అంటారు. అనేసి ఒక్క క్షణం ఆగుతారు, అవతలి నుంచి తిట్టు వస్తుందేమోనని.