రోమాపురి రాజుగారి సొంత దస్తూరి

శంఖపురం రేవులో రోమాపురి వర్తకులు సన్నబట్టలు కొనుక్కుని, బదులుగా సంచులకొద్దీ వెండి నాణేలు దింపారు. వాటిలో ఒకటి చేతికి రాగానే రాజు పుళిందవర్మకు కొత్త సరదా పుట్టింది.

నాణేనికి ఒకవైపు మెడదాకా ఉన్న మగమొహం, ఇంత ముక్కు. రెండోవైపు కుర్చీలో కూర్చుని బల్లెం పట్టుకున్న ఆడమనిషి. అంచు చుట్టూ ఏవో అక్షరాలు.

"ఇందులో ఏం రాసుందో చెప్పినవాడికి మంచి బహుమానం!" అన్నాడు రాజు.

తెలియదనడం ఆస్థాన పండితుడు విశ్వగర్భుడి ఒంట్లోనే లేదు. ఓడ మొహం చూసిన పాపాన పోని ఆ మహానుభావుడు, రోమక భాష తనకు కొట్టిన పిండి అన్నాడు. నాణేన్ని కంటికి ఆనించుకుని గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, ఇది మీకు రోమాపురి రాజు పంపిన హితవు. హాస్యగాణ్ణి కొలువులో ఉంచుకుంటే రాజ్యం దక్కదట. వాణ్ణి వెంటనే దేశం దాటించమన్నాడు."

హాస్యగాడు బొప్పనకు సంగతి అర్థమైంది. తన పద్యాలను వెక్కిరించాడని పండితుడికి ఎన్నాళ్ళనుంచో కడుపుమంట. రాజు చూస్తే, తల ఊపుతూ అప్పుడే నమ్మేశాడు! ఇలాంటివాణ్ణా ఇన్నాళ్ళూ నవ్వించింది అనుకుంటే బొప్పనకు ఒళ్ళు మండిపోయింది.

నాణెం ఒకసారి ఇప్పించమని అడిగి తీసుకుని చూశాడు. నాణెం మీది మొహానికి అడ్డంగా ఒక గాటు. వచ్చే నవ్వును పంటికింద నొక్కిపెట్టాడు.

"స్వామీ, నన్ను గెంటింది ఏ అక్షరమో చూపించండి. దండం పెట్టుకుని పోతాను."

పండితుడు గాటు మీద గోరు ఆనించాడు. "ఇదిగో, అన్నిటికన్నా పెద్దది. 'దాటించు' అంటే ఇదే. తక్కినవి అచ్చు పోసినవి. ఇది మాత్రం రాజుగారి సొంత దస్తూరి."

"రోమాపురిలోనే రాశారా?"

"మరి నీ పెరట్లో రాశాడా? సింహాసనం మీద కూర్చుని రాశాడు!"

బొప్పన ఖజానా కంసాలిని పిలిపించమని రాజును వేడుకున్నాడు. కంసాలి ఉలి, సుత్తి, దిమ్మె పట్టుకుని, రేవునుంచి అప్పుడే వచ్చిన సంచిలోంచి మరో నాణెం తీసుకుని వచ్చాడు.

"నువ్వు రోజూ చేసే పనే ఇక్కడ చెయ్యి" అన్నాడు బొప్పన.

కంసాలి నాణేన్ని దిమ్మెమీద పెట్టి, ఉలి ఆనించి ఠంగున ఒక దెబ్బ వేశాడు. మొహం మీద అడ్డంగా అచ్చం అలాంటి గాటే పడింది.

"లోపల రాగి పెట్టి పైన వెండి పూశారేమో చూడాలి కదండీ. రేవులో దిగిన ప్రతి నాణేన్నీ ఇలా కొట్టాకే ఖజానాలోకి పంపుతాం. ప్రభువులవారి చేతిలోదీ నేను కొట్టిందే" అన్నాడు.

బొప్పన కొత్త నాణేన్ని రెండు చేతులా పండితుడికి అందించాడు.

"రోమాపురి రాజుగారు ఇప్పుడే మళ్ళీ రాశారు. ఈసారి ఎవరిని దాటించమన్నారో కాస్త చదివిపెట్టండి."

సభ గొల్లుమంది. తానూ నమ్మిన సంగతి అప్పుడే మరిచిపోయిన రాజు, అందరికన్నా గట్టిగా నవ్వి, తన మెడలోని ముత్యాలహారం తీసి బొప్పన మెడలో వేశాడు. పండితుడు మాత్రం నాణేన్ని దిమ్మెమీద పెట్టేసి, ఎవరూ దాటించమనకుండానే గడప దాటాడు.