నక్క తాగిన డికాక్షన్

అరకు కొండవాలులో బుజ్జన్న కాఫీతోట ఉంది. అతనికి సింగన్న అని ఒక ఎద్దు ఉంది. దాని బుర్ర గురించి చెప్పాలంటే నాకే విసుగొస్తుంది. పళ్లు కోసే రోజుల్లో ఇంటిల్లిపాదీ తోటలోకి పోతే, కోళ్లగూటి వాకిట్లో అడ్డంగా పడుకోవడం ఒక్కటే దాని పని. ఆ ఒక్క పనీ సరిగ్గా చెయ్యదు!

గూట్లో పైడమ్మ అనే కోడిపెట్ట, దాని పదకొండు పిల్లలు. గూటి తలుపు విరిగి నెలైంది. ఎద్దు లేచిందంటే ఆ పిల్లల ప్రాణాలకు దిక్కులేదు.

ఒక పొద్దున్న జోగులు అనే నక్క వచ్చింది. “ఏం సింగన్న మావా, నీరసంగా పడున్నావు? మీ బుజ్జన్నని చూడు, కాఫీ తాగి కొండంతా ఎక్కి దిగుతాడు. పెరట్లో కాఫీపళ్ల తొక్క కుప్పగా పడుంది. తింటే నీకూ అంత సత్తువ” అంది.

పైడమ్మ గూట్లోంచే అరిచింది. “ఓలమ్మో! బుజ్జన్న ముందు చోడిపిండి అంబలి తాగి, ఆపైన గ్లాసెడు కాఫీ తాగుతాడు. అది నెమ్మదిగా అరిగి ఒంటికి పడుతుంది. నీది నెమరేసే కడుపు సింగన్న బావా! ఏది పడినా ముందు నానబెట్టి పులియబెడుతుంది. ఆ తొక్క అసలే పులిసిపోయింది, తినకు!”

“నేను బలంగా ఉంటే నీకు కుళ్లు” అంది ఎద్దు.

“నీ బలం ఎవరికి కావాలి? నా పిల్లలు బావా, నా పిల్లలు!”

వింటేనా? వెళ్లి గంపెడు తొక్క మెక్కింది. కాసేపటికే పొట్ట డోలులా ఉబ్బింది. పడుకోలేక, నిలబడలేక, మూలుగుతూ వాగు దాకా నడుచుకుంటూ పోయింది.

నక్క తీరిగ్గా గూటి ముందుకొచ్చింది. “రెండ్రోజులుగా పస్తున్నాను పైడమ్మా. పదకొండింటికీ కడుపులో చోటుంచుకున్నాను.”

పైడమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుని ఒళ్లు మండి కసిరింది. “నీ మొహం! పస్తున్నవాడికి కాళ్లలో సత్తువేది? పిల్లలు తలోవైపు పరిగెడితే నీకు దొరికేది ఒక్కటే. అరుగు మీద గిన్నెలో బుజ్జన్న డికాక్షన్ ఉంది. కాఫీతో సత్తువొస్తుందన్నది నువ్వే కదా, ఉత్త మాటేనా?”

నక్కకి రోషమొచ్చింది. పదకొండూ కావాలన్న ఆశ అంతకన్నా ఎక్కువ. చిక్కటి డికాక్షన్ గిన్నెడూ ఖాళీ కడుపులో గడగడా పోసుకుంది.

గూటి వైపు రెండడుగులు వేసిందో లేదో, గుండెల్లో మంట, కాళ్లలో వణుకు, కడుపులో మెలి. ఒక్క దూకున పొదల్లోకి పరిగెత్తింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పరిగెత్తింది. మూడోసారి పొదలోంచి లేవనేలేదు.

“ఏం జోగులు బావా, సత్తువొచ్చిందా?” అనడిగింది పైడమ్మ.

“వచ్చిందే తల్లీ! అంతా పొదల వైపే లాగుతోంది!”

మధ్యాహ్నం అంబలికని తిరిగొచ్చిన కూలీలు దాన్ని చూసి కర్రలెత్తారు. పాపం, పారిపోవడానికి కూడా నాలుగడుగులకోసారి ఆగాల్సొచ్చింది.

సాయంత్రానికి పొట్ట తగ్గించుకుని ఎద్దు వచ్చింది. జోగులు డికాక్షన్ తాగిన సంగతి పైడమ్మ చెప్పింది. “మరి జోగులుకైనా ఆ కాఫీ పడిందా?” అనడిగింది.

పైడమ్మ పదకొండు పిల్లల్నీ లెక్కపెట్టుకుని, “నోర్మూసుకుని వాకిట్లో పడుకో” అంది.

నీతి: మంచిదని విన్న ప్రతిదాన్నీ నోట్లో వేసుకునే ముందు, అది ఎవరి కడుపుకి మంచిదో అడిగి తెలుసుకోవాలి.