కొండదారికి కొన్న గుర్రం

అనగా అనగా, కొండలకు బాటలు పడని రోజుల్లో, అడిగితే తప్ప గుర్రాలు నోరు విప్పని రోజుల్లో, పేరయ్య అనే వైద్యుడు ఉండేవాడు.

పేరయ్య చేతి మందుకు తిరుగులేదు. కాళ్లే అంతంతమాత్రం. ఏభై దాటాక మోకాళ్లు పట్టేశాయి. కొండ మీద ఏడు గూడేలు. జ్వరాల కాలం వస్తే అక్కడి నుంచి కబురు మీద కబురు. కుంటుకుంటూ నడిచి వెళ్లేసరికి ఒక్కోసారి మందుతో పని లేకుండా పోయేది.

"ఈ వానలకు ముందే గుర్రం కొనాలి" అనుకున్నాడు పేరయ్య. పుట్టి బుద్ధెరిగి గుర్రం ఎక్కినవాడు కాడు. అందుకని బావమరిది సూరప్పను వెంటబెట్టుకుని గుర్రాల సంతకు పోయాడు. సూరప్పకూ స్వారీ రాదు గాని, సుడులు చూడటం వచ్చు. గుర్రం ఒంటి మీద వెంట్రుకలు ఎక్కడెక్కడ గుండ్రంగా తిరిగాయో చూసి, ఇది శుభం, ఇది అశుభం అని తేల్చేస్తాడు.

సంతలో గుర్రాలమ్మే దస్తగిరి సాహెబు ముందుగా మూడు మాటలు అడిగాడు.

"వైద్యులుగారూ, స్వారీ అలవాటేనా?"

"లేదు సాహెబూ."

"పోయే దారి?"

"అంతా రాళ్లు. నడుమ ఒక వాగు."

"మేత ఏం పెడతారు?"

"కొండగడ్డి. ఎప్పుడైనా గుప్పెడు ఉలవలు."

సాహెబు ఒక తట్టువను, అంటే పొట్టి జాతి గుర్రాన్ని, పట్టుకొచ్చాడు. జేగురు రంగు, బొద్దు కాళ్లు, రాతిలాంటి గిట్టలు. పదేళ్లుగా ఉప్పు బస్తాలు మోస్తూ కొండలెక్కిన గుర్రం. "ఇది తీసుకోండి. స్వారీ మీకు రాకపోయినా నడక దానికి వచ్చు" అన్నాడు.

పేరయ్య దాని మెడ నిమిరాడు. "ఏమమ్మా, నన్ను మోస్తావా?"

"మోస్తానయ్యా. వాగు దగ్గర మాత్రం కళ్లెం వదిలెయ్యి. అడుగు ఎక్కడ వెయ్యాలో నేను చూసుకుంటాను" అంది తట్టువ.

పేరయ్య మనసు కుదుటపడింది. అంతలో సూరప్ప గుండెలు బాదుకున్నాడు. "అయ్యో బావా, కంటి కింద చూడు! కన్నీటి సుడి! ఇది అడుగుపెట్టిన ఇంట్లో ఏడుపే. పైగా దీన్నెక్కితే నీ కాళ్లు నేలకు ఆనుతాయి. మోసేది అదో నువ్వో తెలియక ఊరు ఊరంతా నవ్వుతుంది!"

చుట్టూ ఉన్నవాళ్లు అప్పుడే నవ్వేశారు.

అటుపక్క ఒక తెల్ల గుర్రం కాలు దువ్వుతోంది. నిలువెత్తు, పట్టులాంటి జూలు, గొంతు దగ్గర దేవమణి సుడి. "రాజులెక్కే సుడి బావా!" అన్నాడు సూరప్ప.

"అది ఆరితేరిన రౌతుకు బాబూ. మైదానంలో పెరిగింది. రాళ్లలో సుడి నడవదు, కాళ్లు నడవాలి" అన్నాడు సాహెబు.

పేరయ్యకు లోపల తట్టువే నచ్చింది. కాని నలుగురూ చూస్తున్నారు. తల వంచుకుని తెల్ల గుర్రం పగ్గం అందుకున్నాడు.

మొదటి వారం అది కొండగడ్డి ముట్టలేదు. పక్కటెముకలు తేలాయి. రెండో వారం ఎవరిదో తాటాకు గొడుగు చూసి బెదిరి, పేరయ్యను ముళ్లకంచెలో పడేసింది. "మచ్చికవుతుందిలే బావా, సుడి మంచిది" అని సూరప్ప భోంచేసి వెళ్లాడు.

మూడో వారం వాన పట్టుకుంది. పైగూడెం నుంచి సోములు అనే రైతు రొప్పుతూ వచ్చాడు. "బాబూ, మా తమ్ముడికి జ్వరం తలకెక్కింది. ఇద్దరు పసిబిడ్డలున్నారు."

పేరయ్య గుర్రమెక్కాడు. సోములు ముందు నడిచాడు. వాగు దగ్గర గుర్రం ఆగిపోయింది. బురదనీటి కింద రాళ్లు కనబడటం లేదు. పేరయ్య భయంతో కళ్లెం బిగించాడు, తొందరలో మడమలతో పొడిచాడు. ఆగమంటున్నాడో, పొమ్మంటున్నాడో దానికి తెలియలేదు. ఒక్క దూకు దూకింది. ముందరి కాలు రాళ్ల నడుమ ఇరుక్కుని విరిగింది.

సోములు పేరయ్యనూ గుర్రాన్నీ అవతలి ఒడ్డుకు లాగాడు. అతని భుజం పట్టుకుని పేరయ్య కొండ ఎక్కాడు. చేరేసరికి పొద్దు వాలింది. సోములు తమ్ముడు అప్పటికే పోయాడు.

పోయినవాడి భార్య తిట్టలేదు. "ఇంత వానలో వచ్చారు బాబూ" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది అనుకున్నాడు పేరయ్య.

తిరిగి వచ్చి, వాగు ఒడ్డున గుర్రం కాలికి వెదురు బద్దలు కట్టాడు. "నొప్పిగా ఉందా?" అని మొదటిసారి దాన్ని అడిగాడు.

"నొప్పి సరే, నా తప్పేమిటయ్యా?" అంది గుర్రం.

"నీ తప్పేం లేదు నాయనా. నీకు తగిన రౌతును నేను కాను. ఆ సంగతి సంతలోనే నాకు తెలుసు."

"తెలిసీ ఎందుకు కొన్నావు?"

పేరయ్య కట్టు ముడి ఇంకోసారి బిగించాడు.

"నవ్వుతారని."

"ఎవరు?"

"ఎవరో... వాళ్ల మొహాలు కూడా గుర్తులేవు."

కొత్తగా నేర్చుకునేవాడు తన చేతకూ తన దారికీ తగినదాన్నే ఎంచుకోవాలి; నలుగురి నవ్వుకు జంకి ఎంచుకుంటే ఆ నష్టం అతనొక్కడితో పోదు.